చిప్ ఫ్యాక్టరీ ఆవరణలోనే విద్యుత్ కేంద్రం ఉండాలి

2010 డిసెంబర్ 8 తెల్లవారుజామున జపాన్‌లోని యొక్కైచి పట్టణంలో విద్యుత్ వోల్టేజీ 0.07 సెకన్ల పాటు పడిపోయింది. ఆ వేళకు మేలుకొని ఉన్నవారి ఇళ్లలో దీపం ఒక్కసారి మినుక్కుమని ఉంటుంది, అంతే. అక్కడి తోషిబా ఫ్లాష్ మెమరీ ఫ్యాక్టరీలో మాత్రం యంత్రాలు ఆగిపోయాయి. రాబోయే జనవరి, ఫిబ్రవరి నెలల్లో సరఫరాలు 20 శాతం దాకా తగ్గవచ్చని ఆ సంస్థ ప్రకటించాల్సి వచ్చింది. రెప్పపాటు కన్నా తక్కువ సేపు జరిగిన లోపం రెండు నెలల వ్యాపారాన్ని దెబ్బతీసిందన్నమాట. మన దేశం తన తొలి వాణిజ్య స్థాయి చిప్ ఫ్యాక్టరీని కట్టుకుంటున్న ఈ రోజుల్లో భూమి గురించి, నీటి గురించి, రాయితీల గురించి జరిగినంత చర్చ ఈ 0.07 సెకన్ల గురించి జరగడం లేదు. ప్రభుత్వ ప్రకటనల్లో విద్యుత్తు సంగతి సాధారణంగా 'ఇరవై నాలుగు గంటల నాణ్యమైన సరఫరా' అనే ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. ఆ ఒక్క వాక్యం చిప్ తయారీకి సరిపోదు. ఫ్యాబ్ అని పిలిచే చిప్ ఫ్యాక్టరీకి ధూళి చొరబడని క్లీన్‌రూమ్ ఎంత అవసరమో, ఆవరణలోనే నిత్యం నడిచే విద్యుత్ కేంద్రం కూడా అంతే అవసరమని, దాన్ని మొదటి నక్షాలోనే గీయాలని నా అభిప్రాయం.

ఎందుకంత సున్నితం అన్నది ముందు చూడాలి. వేఫర్ అని పిలిచే పల్చటి సిలికాన్ పలక ఫ్యాక్టరీలోకి ముడిగా వెళ్లి చిప్‌లుగా బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఈలోగా అది వందలాది దశలు, అధునాతన చిప్‌లైతే వెయ్యికి పైగా దశలు దాటుతుంది. కొన్ని దశల్లో గంటల తరబడి కొలిమిలో స్థిరమైన వేడి కావాలి, కొన్నింటిలో శూన్యపు గదిలో ప్లాస్మా నిలకడగా వెలగాలి, కొన్నింటిలో ఆమ్లంలో ముంచిన పలకను లెక్కగా ఇన్ని సెకన్లకు పైకి తీయాలి. వోల్టేజీ పడిపోయినప్పుడు మొదట వదిలేసేవి పెద్ద మోటార్లు కావు, యంత్రం లోపలి రిలేలు, కాంటాక్టర్లు అనే చిన్న చిన్న స్విచ్‌లు. అవి వదలగానే యంత్రం తనను తాను రక్షించుకోవడానికి ఆగిపోతుంది. ఆమ్లంలో ఉన్న పలక అక్కడే నానిపోతుంది, శూన్యపు గదిలోకి గాలి చేరుతుంది. గాలిని వడకట్టే ఫ్యాన్లు ఆగితే క్లీన్‌రూమ్ పీడనం తగ్గి ధూళి కణాలు లోపలికి వస్తాయి. ఆ తరువాత కరెంటు వచ్చినా పని వెంటనే మొదలు కాదు. ఒక్కొక్క యంత్రాన్ని శుభ్రం చేసి, పరీక్ష పలకలు నడిపి, కొలతలు సరిపోయాయని తేల్చుకున్నాకే అసలు సరుకు ఎక్కించాలి. దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

కార్మికుల భద్రత కూడా దీనితో ముడిపడి ఉంది. ఫ్యాబ్‌లో వాడే సైలేన్ గాలి తగిలితే తనంతట తానే మండగలదు. ఆర్సీన్, ఫాస్ఫీన్ ప్రాణాంతకమైన విషవాయువులు. వీటిని బయటికి లాగి శుద్ధి చేసే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, స్క్రబ్బర్లు ఉత్పత్తి ఆగినా ఆగకూడదు. లోపల పనిచేసే మనుషుల ఊపిరి ఆ కరెంటు మీద ఆధారపడి ఉంది.

గత ఇరవై ఏళ్ల ప్రమాదాలను వరసగా పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. 2018 మార్చిలో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌టెక్ శామ్‌సంగ్ ఫ్యాక్టరీలో సుమారు అరగంట కరెంటు పోయింది. నష్టం దాదాపు 5,000 కోట్ల వాన్లని వార్తలు వచ్చాయి. 2019 జూన్ 15న యొక్కైచిలోనే 13 నిమిషాల అంతరాయం కలిగినప్పుడు, అక్కడ భాగస్వామిగా ఉన్న వెస్టర్న్ డిజిటల్ తన వాటాలో సుమారు 6 ఎక్సాబైట్ల (అంటే 600 కోట్ల గిగాబైట్ల) మెమరీ సరఫరా దెబ్బతింటుందని ప్రకటించింది. అదే ఏడాది చివరి రోజున హ్వాసాంగ్‌లోని శామ్‌సంగ్ ఫ్యాక్టరీకి ఒక కేబుల్ లోపం వల్ల నిమిషం పాటు సరఫరా ఆగితే, పాత స్థితికి రావడానికి రోజులు పట్టింది. వీటిలో అంతరాయం నిడివికీ నష్టం పరిమాణానికీ సూటి సంబంధం లేదు. నష్టంలో పెద్ద భాగం మొదటి సెకనులోనే జరిగిపోతుంది, తరువాతి గంటలు దానికి తోడవుతాయి. అందుకే 'ఏడాదిలో ఇన్ని గంటలు కోత లేదు' అని చూపే డిస్కం లెక్క ఫ్యాబ్‌కు ఉపయోగపడదు. ఏడాదిలో ఎన్నిసార్లు, ఎంత లోతున, ఎన్ని మిల్లీసెకన్లు వోల్టేజీ పడిపోయిందన్నదే అక్కడ లెక్క. ఆ లెక్కను మన డిస్కంలలో ఎన్ని క్రమం తప్పకుండా నమోదు చేసి బయటపెడుతున్నాయన్నది అడగవలసిన ప్రశ్న.

ఈ వోల్టేజీ పతనం గ్రిడ్ వైఫల్యం కానే కాదు. ఎక్కడో వంద కిలోమీటర్ల దూరంలో లైను మీద పిడుగు పడితే, రక్షణ వ్యవస్థ ఆ లోపాన్ని గుర్తించి బ్రేకర్ తెరిచేదాకా చుట్టుపక్కల ప్రాంతమంతటా వోల్టేజీ తగ్గుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం 400 కేవీ లైన్లలో ఈ పని 100 మిల్లీసెకన్లలోపు, 220 కేవీ లైన్లలో 160 మిల్లీసెకన్లలోపు జరగాలి. అంటే గ్రిడ్ తన నిబంధనలను అక్షరాలా పాటించినా, యొక్కైచిలో యంత్రాలను ఆపిన 70 మిల్లీసెకన్ల కన్నా ఎక్కువ సేపు వోల్టేజీ పడి ఉండవచ్చు. ఇది ఏ ఇంజినీరు తప్పూ కాదు, భౌతికశాస్త్రం అంతే. అందుకే పరిశ్రమ తనవైపు నుంచి ఎఫ్47 అనే ప్రమాణం పెట్టుకుంది. దాని ప్రకారం వోల్టేజీ సగానికి పడిపోయినా 0.2 సెకన్లు, 70 శాతానికి పడితే అర సెకను యంత్రాలు తట్టుకొని నడవాలి. ఆ హద్దు దాటి పడిపోయినప్పుడు ఏం చేయాలన్నదే మిగిలిన సమస్య. 2021 సెప్టెంబర్‌లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో లోహపు పూత పూసిన ఒక బెలూన్ సబ్‌స్టేషన్‌లో చిక్కుకొని షార్ట్ సర్క్యూట్ చేస్తే నగరం నగరమంతా చీకటైంది. ఇన్ఫినియాన్ ఫ్యాక్టరీ కూడా ఆగింది. అదే ఏడాది ఏప్రిల్‌లో తైవాన్‌లోని తైనాన్ సైన్స్ పార్క్‌లో ఎవరో తవ్వకం పనుల్లో భూగర్భ కేబుల్‌ను తెంపితే టీఎస్‌ఎంసీ ఫ్యాబ్‌కు గంటల కొద్దీ సరఫరా పోయింది. బెలూన్లనూ గడ్డపారలనూ ఏ గ్రిడ్ ప్రణాళికా ఆపలేదు.

రెండో రకం కష్టం వేరు. అది రోజుల తరబడి ఉంటుంది. 1999 సెప్టెంబర్ 21 భూకంపం తైవాన్ మధ్య భాగంలో వచ్చింది. చిప్ ఫ్యాక్టరీలున్న షిన్‌చూ అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. భవనాలు చాలావరకు నిలబడ్డాయి గానీ, చోంగ్‌ల్యావ్‌లోని కీలకమైన స్విచ్చింగ్ స్టేషన్ దెబ్బతిని దక్షిణం నుంచి ఉత్తరానికి కరెంటు వచ్చే దారి మూసుకుపోయింది. ప్రపంచ మార్కెట్‌లో మెమరీ చిప్‌ల ధరలు అమాంతం పెరిగాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫాను నాటి కథ ఇంకా నేర్పుతుంది. ఆస్టిన్‌లోని శామ్‌సంగ్, ఎన్‌ఎక్స్‌పీ, ఇన్ఫినియాన్ ఫ్యాక్టరీలను ముందే చెప్పి ఆపించారు. హఠాత్తుగా తెగిపోవడం కాకుండా సర్దుకోవడానికి సమయం ఇచ్చి ఆపినా, శామ్‌సంగ్ ఒక్కటే 71,000 వేఫర్లు దెబ్బతిన్నాయని, నష్టం 30,000 నుంచి 40,000 కోట్ల వాన్లని చెప్పుకుంది. మామూలు స్థితికి రావడానికి నెలకు పైగా పట్టింది. రాష్ట్ర గ్రిడ్ పూర్తిగా కూలిపోవడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలోకి వెళ్లిందని తరువాత తేలింది. అలాంటి వేళ ఆసుపత్రికీ ఇళ్లకూ ముందు, ఫ్యాక్టరీకి తరువాత అని అధికారులు నిర్ణయించడం న్యాయమే. ఆ న్యాయాన్ని ఒప్పుకున్నాక ఫ్యాక్టరీ తన దారి తాను చూసుకోవాలి.

డీజిల్ జనరేటర్లు పెట్టుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. ఒక మోస్తరు పెద్ద ఫ్యాబ్‌కు నిరంతరం 100 మెగావాట్లు కావాలనుకుందాం. రోజుకు 24 లక్షల యూనిట్లు. లీటరు డీజిల్‌కు మూడున్నర యూనిట్లు వస్తాయనుకుంటే రోజుకు దాదాపు 7 లక్షల లీటర్లు, అంటే 20 వేల లీటర్ల ట్యాంకర్లు ముప్పై నాలుగు. తుఫాను రోజున, వరద రోజున, రోడ్లు మూసుకుపోయిన రోజున ఆ ట్యాంకర్లు వస్తాయని ఎవరు హామీ ఇస్తారు? పైగా డీజిల్ ఇంజన్ అందుకోవడానికి పది సెకన్ల దాకా పడుతుంది, పలక పాడవడానికి అందులో వందో వంతు చాలు. టీఎస్‌ఎంసీ వంటి సంస్థలు తిరిగే భారీ చక్రంలో శక్తిని నిల్వ ఉంచి, ఆ కొన్ని సెకన్లను దాటించి, ఈలోగా డీజిల్ ఇంజన్‌ను అందుకునేలా చేసే యంత్రాలను వాడుతున్నాయి. ప్రాణరక్షణ వ్యవస్థలకూ అత్యంత సున్నితమైన యంత్రాలకూ అది సరైన ఏర్పాటే. అయితే ఏడాదిలో ఎప్పుడో ఒకసారి పనిచేయాల్సిన యంత్రం ఆ ఒక్కసారీ పనిచేయకపోవడం ఎంత మామూలో ఫ్యాక్టరీలలో పనిచేసిన ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ తెలుసు. రోజూ నడిచే యంత్రం లోపం రోజూ బయటపడుతుంది.

డ్రెస్డెన్‌లో 1990ల చివర ఏఎండీ ఫ్యాబ్ కట్టినప్పుడు ఈ తర్కంతోనే పక్కనే సహజవాయు ఇంజన్లతో నడిచే కేంద్రాన్ని పెట్టారు. అది విద్యుత్తుతో పాటు వేడినీ చల్లదనాన్నీ కూడా ఇస్తుంది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు గ్లోబల్‌ఫౌండ్రీస్ చేతిలో ఉంది. ఈ పద్ధతి ఫ్యాబ్‌కు అతికినట్టు సరిపోవడానికి కారణం ఉంది. గ్యాస్ ఇంజన్ ఇంధన శక్తిలో సుమారు 45 శాతాన్ని మాత్రమే కరెంటుగా మారుస్తుంది, మిగిలింది వేడిగా పోతుంది. ఆ వేడితో అబ్సార్ప్షన్ చిల్లర్ అనే యంత్రం ద్వారా చల్లని నీటిని తయారు చేయవచ్చు. ఫ్యాబ్‌కు పగలూ రాత్రీ, ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా చల్లదనం కావాలి. క్లీన్‌రూమ్‌లోని అతి సున్నితమైన చోట్ల ఉష్ణోగ్రతలో డిగ్రీలో పదో వంతు తేడా కూడా రాకుండా ఉండాలి కాబట్టి, మొత్తం విద్యుత్తులో దాదాపు సగం శీతలీకరణ, గాలి ప్రసరణ, అతిశుద్ధ జలం వంటి సదుపాయాలకే పోతుంది. కరెంటు, చల్లదనం రెండూ ఏడాది పొడవునా ఒకే స్థాయిలో కావలసిన ఇంకో పరిశ్రమను చూపడం కష్టం. ఇంధనంలో 80 శాతం దాకా ఉపయోగంలోకి వస్తుంది. మే నెలలో గుజరాత్‌లోనో మన కోస్తాలోనో ఉండే ఉక్కపోతను తలచుకుంటే, ఈ చల్లదనం విలువ డ్రెస్డెన్‌లో కన్నా ఇక్కడే ఎక్కువ.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఆవరణలో టర్బైనో ఇంజనో పెట్టినంత మాత్రాన వోల్టేజీ పతనం సమస్య తీరిపోదు. సొంత కేంద్రం గ్రిడ్‌తో కలిసి నడుస్తున్నప్పుడు బయటి లోపం లోపలికీ వస్తుంది. లోపాన్ని పసిగట్టి కొన్ని మిల్లీసెకన్లలో ఫ్యాక్టరీని గ్రిడ్ నుంచి విడదీసే స్విచ్ ఉండాలి. విడిపోయిన క్షణంలో లోపలి ఉత్పత్తికీ వాడకానికీ మధ్య తేడాను భర్తీ చేయడానికి బ్యాటరీలో, ఇందాక చెప్పిన తిరిగే భారీ చక్రాల వంటి ఫ్లైవీళ్లో సిద్ధంగా ఉండాలి. ఆగినా ఫరవాలేని లోడ్ ఏది, ఆగకూడనిది ఏది అన్నది ముందే విడగొట్టి ఉండాలి. ఇంజినీర్లు ఐలాండింగ్ అనే ఈ పని కాగితం మీద ఎంత తేలికో ఆచరణలో అంత కష్టం. గ్రిడ్ కుదుపుకు సొంత కేంద్రమే ముందు ట్రిప్ అయిపోయి, అక్కరకు రాకుండా పోయిన అనుభవాలు మన భారీ పరిశ్రమలలో ఉన్నాయి. అందుకే ఒక్క పెద్ద టర్బైన్ కన్నా 10 నుంచి 20 మెగావాట్ల ఇంజన్లు అనేకం ఉండటం మేలని నేననుకుంటాను. ఒకటి మరమ్మతులో, ఇంకొకటి అనుకోకుండా ఆగినా మిగిలినవి కీలకమైన లోడ్‌ను మోయగలగాలి. ఫ్యాబ్ దశలవారీగా పెరుగుతున్నకొద్దీ ఇంజన్లను కూడా చేర్చుకుంటూ పోవచ్చు.

మొత్తం లోడ్‌ను సొంతంగా మోయాలని నేను అనడం లేదు. ఆగకూడని సగాన్ని ఆవరణలోని కేంద్రం మోయాలి, మిగిలిన సగాన్ని గ్రిడ్ ఇవ్వాలి. కొరియా మాత్రం ఇంకా ముందుకు వెళ్లింది. ఎస్‌కే హైనిక్స్ తన ఇచాన్, చాంగ్జూ ఫ్యాక్టరీలకు ఒక్కొక్కటి 585 మెగావాట్ల ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) కేంద్రాలను సంకల్పించింది. వోల్టేజీ నాణ్యతతో పాటు దీని వెనక లైన్ల కొరత కూడా ఉంది. ప్యాంగ్‌టెక్‌లోని శామ్‌సంగ్ ఫ్యాక్టరీకి వేయవలసిన 345 కేవీ లైనుకు దారిలోని గ్రామస్తులు అభ్యంతరం చెబితే ఆ వివాదం ఐదేళ్లు నడిచింది. చివరికి 2019లో కొండ ప్రాంతంలో లైనును సొరంగంలో వేయడానికి అయ్యే 7,500 కోట్ల వాన్లను శామ్‌సంగే భరిస్తానన్న తరువాత గానీ పరిష్కారం కాలేదు. పొలాల మీదుగా టవర్లు వేయడానికి రైతులు ఒప్పుకోని పరిస్థితి మనకూ కొత్త కాదు.

ఇక అసలైన చిక్కు ఇంధనం. సొంత విద్యుత్ కేంద్రం వల్ల ఫ్యాక్టరీ గ్రిడ్ మీద ఆధారపడటం తగ్గుతుంది, గ్యాస్ గొట్టం మీద ఆధారపడటం మొదలవుతుంది. టెక్సాస్‌లో 2021లో కరెంటు పోవడానికి ఒక ముఖ్య కారణం గ్యాస్ బావులు, గొట్టాలు గడ్డకట్టడమే. కరెంటు కోత వల్ల గ్యాస్‌ను నెట్టే కంప్రెసర్లు కూడా ఆగి, గ్యాస్ లేక మళ్లీ కరెంటు తగ్గిన విషవలయం అక్కడ కనిపించింది. 2017 ఆగస్టు 15న తైవాన్‌లోని దాతాన్ కేంద్రానికి రెండు నిమిషాలు గ్యాస్ ఆగితే 4 గిగావాట్ల ఉత్పత్తి ఒక్కసారిగా పడిపోయింది, ఆర్థిక వ్యవహారాల మంత్రి రాజీనామా చేశారు. గ్యాస్ ఇంజన్లు నమ్ముకున్న డ్రెస్డెన్ ఉన్న జర్మనీ, తన గ్యాస్ దిగుమతుల్లో సగానికి పైగా రష్యా నుంచి తెచ్చుకునేది. 2022లో ఆ సరఫరా తెగిపోయినప్పుడు పరిశ్రమలన్నీ వణికిపోయాయి. అదే ఏడాది రష్యా ఒప్పందం కింద మన గెయిల్‌కు రావలసిన ఎల్‌ఎన్‌జీ ఓడలు కూడా ఆగిపోయాయి.

ఈ విషయంలో తెలుగువారికి బయటి ఉదాహరణలు అవసరం లేదు. 2009లో కేజీ బేసిన్ డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ రావడం మొదలైనప్పుడు గోదావరి జిల్లాలలో పుట్టిన ఆశలు ఎంత పెద్దవో, రెండేళ్లలోనే ఉత్పత్తి పడిపోయినప్పుడు కలిగిన నిరాశ కూడా అంత పెద్దది. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కేంద్రం కట్టారు. ఇంజినీర్ల పనిలో లోపం లేదు, యంత్రాలు కొత్తవి, గ్యాస్ మాత్రం రాలేదు. ఆ కేంద్రం వాణిజ్య ఉత్పత్తి చేయకుండానే నిలిచిపోయింది, అందులో కొంత యంత్రసామగ్రి బంగ్లాదేశ్ ప్రాజెక్టుకు తరలిపోయింది. గ్యాస్ కేటాయింపును కాగితం మీద చూసి కేంద్రం కట్టుకుంటే ఏమవుతుందో చూడాలనుకునే చిప్ సంస్థలు సామర్లకోటకు వచ్చి చూడవచ్చు.

అందువల్ల ఆవరణలోని కేంద్రానికి గ్యాస్‌తో పాటు రెండో ఇంధనం కూడా కాల్చగలిగే ఇంజన్లు ఉండాలి, కొన్ని రోజులకు సరిపడా ఎల్‌ఎన్‌జీ నిల్వ ఉండాలి. 50 మెగావాట్ల కీలక లోడ్‌కు రోజుకు సుమారు 190 టన్నుల ఎల్‌ఎన్‌జీ పడుతుంది. మూడు రోజులంటే దాదాపు 570 టన్నులు. పెద్ద లెక్కే, అయినా సాధ్యమైన లెక్క. ఇన్ని ట్యాంకులకు, వాటి చుట్టూ వదలాల్సిన భద్రతా దూరానికి స్థలం ముందే కేటాయించకపోతే, ఫ్యాబ్ కట్టాక పక్కన చోటు దొరకదు. మొదటి నక్షా గురించి నేను పట్టుబట్టడానికి ఇదే ముఖ్య కారణం. ఇంకొకటి కూడా ఉంది. డేటా సెంటర్ల గిరాకీ వల్ల పెద్ద గ్యాస్ టర్బైన్ల తయారీదారుల దగ్గర ఆర్డర్లు ఏళ్ల ముందుకు నిండిపోయాయి. ఫ్యాబ్ గోడలు లేచాక టర్బైన్ కోసం బయలుదేరితే వరసలో చివర నిలబడాల్సిందే.

సౌర విద్యుత్తుతో ఈ పని చేయలేమా? నాకూ ఆ కోరిక ఉంది, లెక్క మాత్రం కఠినంగా ఉంది. 100 మెగావాట్లు నిరంతరం ఇవ్వాలంటే సుమారు 450 మెగావాట్ల సౌర ఫలకాలు, వాటికి దాదాపు రెండు వేల ఎకరాలు, రాత్రంతా నడిపే బ్యాటరీలు కావాలి. ఫ్యాక్టరీ ఆవరణలో అది కుదరదు. దూరంగా ఉన్న సౌర, పవన కేంద్రాల నుంచి, కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురం వంటి, నీటిని పైకి తోడి నిల్వ ఉంచి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల నుంచి గ్రిడ్ ద్వారా తెచ్చుకోవడం కుదురుతుంది. గ్రిడ్ నుంచి రావలసిన సగానికి అదే సరైన మార్గం. కొనుగోలుదారులు కూడా దీన్నే అడుగుతున్నారు. తన సరఫరాదారులంతా 2030 నాటికి స్వచ్ఛ విద్యుత్తుకు మారాలని ఆపిల్ కోరుతోంది, టీఎస్‌ఎంసీ తన వంద శాతం పునరుత్పాదక లక్ష్యాన్ని 2040కి ముందుకు జరిపింది. కాబట్టి ఆవరణలోని గ్యాస్ కేంద్రాన్ని శాశ్వతమనుకోకుండా, బ్యాటరీల వాటా పెరిగేకొద్దీ నడిచే గంటలు తగ్గించుకోగల ఏర్పాటుగా కట్టాలి. సొంత అవసరాలకు చిన్న అణు రియాక్టర్లు పెట్టుకునే ప్రతిపాదనలను కూడా అణు విద్యుత్ సంస్థ పిలిచింది గానీ, ఇప్పుడు కడుతున్న ఫ్యాబ్‌లకు అవి అందే కాలంలో లేవు.

మన దేశంలో ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఈ దృష్టితో చూడాలి. టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్‌కు చెందిన పీఎస్‌ఎంసీ కలిసి ధోలేరాలో 91,000 కోట్ల రూపాయలతో, నెలకు 50,000 వేఫర్ల సామర్థ్యంతో కడుతున్న ఫ్యాబ్‌కు 2024 ఫిబ్రవరిలో కేంద్ర ఆమోదం లభించింది. ధోలేరా ఖంభాత్ సింధుశాఖకు పడమట ఉంటే, దేశంలోకెల్లా పెద్ద ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ ఉన్న దహేజ్ తూర్పు ఒడ్డున ఉంది. గ్యాస్ గొట్టాల వ్యవస్థ గుజరాత్‌లో ఉన్నంత దట్టంగా మరే రాష్ట్రంలోనూ లేదు. నిత్యం నడిచే సొంత కేంద్రానికి దేశంలో ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. సాణంద్‌లో పరిస్థితి వేరు. అక్కడ మైక్రాన్, సీజీ పవర్, కేన్స్ సంస్థల యూనిట్లు చిప్‌లను ప్యాకింగ్ చేసి పరీక్షించేవి. ఒక్కొక్కదాని విద్యుత్ అవసరం ఫ్యాబ్ కన్నా చాలా తక్కువ. ప్రతి యూనిట్ తనకంటూ కేంద్రం కట్టుకోవడం వృథా. పారిశ్రామిక పార్కు మొత్తానికి ఒకే కేంద్రం పెట్టి, కరెంటూ చల్లని నీరూ గొట్టాల ద్వారా పంచుకోవడం చవక, నమ్మకం కూడా.

మన చట్టం దీనికి అడ్డు చెప్పదు. 2003 విద్యుత్ చట్టంలోని 9వ సెక్షన్ సొంత అవసరాలకు ఉత్పత్తి చేసుకునే హక్కు ఇచ్చింది, ఇతరుల రాయితీ భారం కోసం వేసే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ ఆ కరెంటు మీద లేదు. ఇబ్బంది 2005 నిబంధనల దగ్గర వస్తుంది. క్యాప్టివ్ (సొంత అవసరాల కేంద్రం) హోదా నిలవాలంటే వాడుకునేవారికి కేంద్రంలో కనీసం 26 శాతం యాజమాన్యం ఉండాలి, ఏడాది ఉత్పత్తిలో కనీసం 51 శాతం వారే వాడుకోవాలి. పలువురు కలిసి పెట్టుకుంటే ఎవరి వాడకం వారి వాటాకు తగినట్టు ఉండాలి, పది శాతానికి మించి తేడా రాకూడదు. ఉక్కు ఫ్యాక్టరీకి ఇది సమస్య కాదు. చిప్ యూనిట్ మాత్రం మొదటి రెండు మూడేళ్లలో నెమ్మదిగా ఉత్పత్తి పెంచుకుంటుంది, మార్కెట్ పడిపోతే హఠాత్తుగా తగ్గించుకుంటుంది. భాగస్వాముల్లో ఒకరి ఆర్డర్లు తగ్గిన ఏడాది అందరి లెక్కా తప్పవచ్చు, హోదా పోతే ఏడాది మొత్తానికి సర్‌ఛార్జీ పడవచ్చు. సెమీకండక్టర్ పార్కులకు ఉత్పత్తి పుంజుకునే తొలి అయిదేళ్లు ఈ దామాషా షరతును సడలించాలని నా సూచన. వేల కోట్ల రాయితీలు ఇస్తున్న ప్రభుత్వానికి ఇది పైసా ఖర్చు లేని సాయం.

డిస్కంల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎక్కువ ధర చెల్లించే పరిశ్రమలు ఒక్కొక్కటిగా సొంత కేంద్రాలకు వెళ్లిపోతే, రైతుల మోటార్లకూ పేదల ఇళ్లకూ ఇచ్చే రాయితీ భారం మిగిలినవారి మీద పడుతుంది. గ్రిడ్‌ను బీమాలాగా అట్టిపెట్టుకొని, వాడకం మాత్రం తగ్గించుకునేవారు దానికి వెల కట్టాలన్నది కూడా న్యాయమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి విధించిన గ్రిడ్ సపోర్ట్ ఛార్జీలను సుప్రీంకోర్టు 2019లో సమర్థించింది. అందుకే నేను సగం గ్రిడ్, సగం సొంతం అంటున్నాను. గ్రిడ్‌కు పెద్ద, నిలకడైన వినియోగదారు మిగులుతాడు. సాయంత్రం గిరాకీ పెరిగినప్పుడు ఫ్యాబ్ తన ఇంజన్లను పూర్తిగా నడిపి గ్రిడ్ నుంచి తీసుకునేది తగ్గించగలదు. ఆ సేవకు డిస్కం డబ్బు చెల్లించే ఒప్పందం ఉంటే ఇద్దరికీ లాభం.

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ దూరమైనది కాదు. 2006లో హైదరాబాద్ శివార్లలో ఫ్యాబ్ సిటీకి పునాది వేసుకొని, చిప్ ఫ్యాబ్ రాక, చివరికి సౌర ఫలకాల కంపెనీలతో సరిపెట్టుకున్నాం. దానికి కారణాలు అనేకం. ఆ తరువాతి ఏళ్లలో అక్కడ ఒక ఫ్యాబ్ నిజంగా నడుస్తుంటే ఏమయ్యేదని నేను తరచూ ఆలోచిస్తాను. 2012లో జీడిమెట్ల, బాలానగర్ చిన్న పరిశ్రమలు వారానికి రోజుల తరబడి పవర్ హాలిడేతో మూతపడ్డాయి. పదేళ్ల తరువాత, 2022 ఏప్రిల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో బొగ్గు కొరత, ఎండల గిరాకీ కలిసి వచ్చినప్పుడు నిరంతరం నడవాల్సిన పరిశ్రమలను కూడా రెండు వారాలు సగం కరెంటుతోనే సర్దుకోమన్నారు. సగం కరెంటుతో చిప్ ఫ్యాక్టరీ సగం ఉత్పత్తి చేయదు, అసలు ఏమీ చేయలేదు.

2025 ఆగస్టు 12న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన నాలుగు యూనిట్లలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. దక్షిణ కొరియా భాగస్వామ్యంతో ఏఎస్‌ఐపీ టెక్నాలజీస్ ఏడాదికి 9.6 కోట్ల చిప్‌లను ప్యాకేజింగ్ చేసే యూనిట్ అది. ఫ్యాబ్‌తో పోలిస్తే చిన్నది, అందుకే ఇది నేర్చుకోవడానికి సరైన చోటు. దాని చుట్టూ రాష్ట్రం మరికొన్ని యూనిట్లను ఆశిస్తోంది కాబట్టి, మొదటి యూనిట్‌కు ఫీడర్ గీసే రోజునే పార్కు మొత్తానికి ఇంజన్లు, చిల్లర్లు, ఎల్‌ఎన్‌జీ ట్యాంకులకు స్థలం వేరుగా గుర్తించాలి. ఆ పార్కుకు కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌లో వోల్టేజీ పతనాలను మిల్లీసెకన్లలో నమోదు చేసే మీటర్లను ఈ ఏడాదే బిగించి, ఆ లెక్కలను నెలనెలా బహిరంగంగా ఉంచాలి. పెట్టుబడిదారులు వచ్చి అడిగినప్పుడు చూపించడానికి అప్పటికి రెండు రుతుపవనాల పిడుగుల రికార్డు మన చేతిలో ఉంటుంది.